బిల్లులో రాయని పని

సాలూరు దాటాక పి.కోనవలస దగ్గర మొదలయ్యే ఘాట్ రోడ్డు గురించి మా ఉత్తరాంధ్ర డ్రైవర్లకి ఒకరు చెప్పక్కర్లేదు. నాతవలస దగ్గర చెన్నై–కోల్‌కతా హైవేని వదిలి, విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా ఒడిశాలోకి ఎక్కే దారి అది. కాగితాల మీద ఇప్పుడు 26వ నెంబరు జాతీయ రహదారి. పాతవాళ్ల నోట మాత్రం ఇంకా నలభైమూడే. సాలూరు సముద్రమట్టానికి వంద మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే కోరాపుట్ 870 మీటర్ల ఎత్తున ఉంటుంది. విశాఖ, రాయపూర్‌ల మధ్య సరుకు మోసే లారీలు రాత్రనక పగలనక ఆ కొండ ఎక్కుతూ దిగుతూనే ఉంటాయి. 2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడేదాకా విజయనగరం జిల్లాలోనే ఉన్న సాలూరు, లారీలు కొనేవాళ్లతో, నడిపేవాళ్లతో, బాడీలు కట్టేవాళ్లతో పేరుపడ్డ ఊరు.

నిరుడు కార్తీకమాసంలో మా పిన్ని మనవరాలి పెళ్లికి జయపురం వెళ్లాం. కోరాపుట్, జయపురం, రాయగడల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. మా వైపు వాళ్లకి అక్కడ ఏదో ఒక చుట్టరికం ఉండనే ఉంటుంది. శ్రీకాకుళం నుంచి చిలకపాలెం, రాజాం, రామభద్రపురం మీదుగా సాలూరు చేరి కొండెక్కాం. బండి నడిపింది నేనే. పాత స్విఫ్ట్. నేను గార మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఓ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను కాబట్టి రోజూ దాని మీదే రాకపోకలు. మా ఆయన డ్రైవింగ్ నేర్చుకుంటానని పెళ్లయినప్పట్నుంచీ అంటూనే ఉన్నారు.

వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తిరిగొచ్చేటప్పుడు పొట్టంగి, సుంకి దాటి దిగుడు మొదలయ్యాక, మలుపు దగ్గర బ్రేకు మీద కాలు వేస్తే స్టీరింగు చేతుల్లో సన్నగా వణికింది. తర్వాతి మలుపులో ఇంకాస్త గట్టిగా. బండి ఎడమకి లాగుతోంది. వెనక సీట్లోంచి మా అమ్మ, "ఏటే, ఏదో మాడు వాసనొస్తంది" అంది. అద్దం దింపితే ఘాటుగా, రబ్బరూ ఇనుమూ కలిసి కాలుతున్న వాసన. రెండో గేరులోనే దిగుతున్నాను. ఏ గేరులో కొండెక్కుతామో ఆ గేరులోనే దిగాలని మా మావయ్య నాకు బండి నేర్పినప్పుడే చెప్పాడు. అయినా వాసన ఆగలేదు. అక్కడక్కడ పక్కకి తీసి ఆపుతూ, లారీలకి దారిస్తూ, మెల్లగా సాలూరు చేరి ఓ టీ దుకాణం ముందు నిలిపాను.

పక్కనే లారీ షెడ్డు. అందులోంచి లుంగీ మడిచి కట్టిన ఓ పెద్దాయన టీ గ్లాసుతో వచ్చి బండి చుట్టూ ఓ చుట్టు తిరిగాడు.

"బ్రేకు మీదే దిగిపోనారేటి తల్లీ?"

"లేదండీ, రెండో గేరులోనే దిగాను."

"అలగైతే బండి తప్పే గానీ నీ తప్పు కాదు. ఉండు, సూద్దాం."

ఆయన కుడి చక్రం దగ్గరికి వెళ్లి అరచెయ్యి వెనకవైపు తిప్పి, తాకకుండా, ఓ జానెడు దూరంలో పెట్టాడు. తల ఆడించాడు. ఎడమ చక్రం దగ్గర మూరెడు దూరంలోనే చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. "ఇదీ దొంగ. పట్టీసి వదల్డం లేదు" అన్నాడు. మా అమ్మాయి నీళ్ల సీసా తీసి చక్రం మీద పొయ్యబోతే అరిచినంత పని చేశాడు. "నీల్లు పొయ్యకు! కాలిన పోతినుము అది. మీద నీల్లడితే పగిలిపోద్ది. దాని మానాన సల్లారనీ. టీ తాగండి. తొందరేటి?" 

డబ్బులిస్తే తీసుకోలేదు. ఇంటికెళ్లాక లోపలి ప్యాడ్డు విప్పించి చూడమని, బయటి ప్యాడ్డు చూసి బాగుందని ఎవరన్నా నమ్మొద్దని చెప్పాడు. ఆ మాటలో ఎంత ఉందో ఆదివారం గానీ నాకు తెలియలేదు.

బండి చల్లారేదాకా నేను మా అమ్మాయికి లెక్క చెప్పాను. మనుషులతో కలిపి 1,200 కిలోల బండి 750 మీటర్లు కిందకి దిగితే దాదాపు 88 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. అదే బండిని 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేసి నిలబెడితే అయ్యేది మూడు లక్షల జౌళ్లు. అంటే ఈ కొండ దిగడమంటే 80లో పోయే బండిని ముప్ఫైసార్లు పూర్తిగా ఆపినట్టు. అందులో కొంత ఇంజను తింటుంది, కొంత గాలి తింటుంది. గేరులో దిగమనేది అందుకే. మిగిలిందంతా వేడై ముందు చక్రాల్లో ఉండే రెండు డిస్కుల్లోకి పోతుంది. బ్రేకు వెయ్యగానే బండి బరువు ముందుకి ఒరుగుతుంది కాబట్టి ఆపే పనిలో దాదాపు 70 శాతం ముందు చక్రాలదే. ఆ రెండింట్లో ఒకటి పట్టేసి కూర్చుంటే ఏమవుతుందో కళ్లముందే ఉంది.

ఆ రాత్రి ఇంటికి చేరి మావయ్యకి ఫోన్ చేశాను. మా అమ్మ తమ్ముడు. ఆర్టీసీ సాలూరు డిపో గ్యారేజీలో మెకానిక్కుగా చేసి రిటైరై, బొబ్బిలిలో ఉంటున్నాడు. అంతా విని, "నిరుడు ప్యాడ్లు మార్పించినావు కాదేటి? ఏటి సేసినారో సూసినావా?" అని అడిగాడు.

చూడనివ్వలేదు. అదీ సంగతి. నిరుడు ప్యాడ్లు మార్పించిన షెడ్డులో నేను బండి పక్కన నిలబడబోతే, "మేడం, మీరు లోపల కూర్చోండి, ఫ్యానుంది" అని కుర్చీ చూపించారు. మగవాళ్లొస్తే బండి దగ్గర నిలబెట్టి మాట్లాడతారు, మనకి మాత్రం కుర్చీ, మంచినీళ్లు. గంటలో బిల్లు తెచ్చిచ్చారు. ముందు ప్యాడ్ల సెట్టు, కూలి. అంతే.

"సరే అమ్మలూ, ఆదివారం నేనొస్తాను. ఇంటికాడే ఇప్పుదాం. అందాకా బండి తియ్యకు" అని, ఫోన్లోనే ఓ పరీక్ష చెప్పాడు. బండి పూర్తిగా చల్లారాక చక్రం కమ్మీల సందులోంచి వేలు పెట్టి డిస్కు చివరి అంచు తడమాలి. గోరుకి గట్టులా తగిలితే డిస్కు అరిగినట్టే. తడిమితే గోరు దిగబడేంత గట్టు తగిలింది. "అలగైతే డిస్కులు కూడా తెచ్చీ. రెండు పక్కలకీ. ఒక పక్కే మారిస్తే బండి లాగుద్ది."

విజయనగరంలో స్పేర్ పార్టుల షాపుకి మా ఆయన బస్సులో వెళ్లొచ్చారు. పాత డిస్కుల్నే లేత్ మీద చెక్కిస్తే సరిపోతుందని కౌంటరు మీద కుర్రాడు చెప్పాడట. మావయ్యకి ఫోన్ కలిపితే ఒప్పుకోలేదు. ప్రతి డిస్కు మీదా ఇంతకన్నా పల్చబడితే వాడొద్దని కనీస మందం అంకె వేసి ఉంటుంది. చెక్కించాక ఆ అంకె కన్నా తగ్గితే వేడి దాచుకునే ఇనుమే అందులో మిగలదు. రెండు డిస్కులు, ప్యాడ్ల సెట్టు, ప్యాడ్ల కింద వేసే క్లిప్పులు, పిన్నుల రబ్బరు తొడుగులు, బ్రేక్ క్లీనర్ స్ప్రే, సిలికాన్ గ్రీజు, బ్రేక్ ఆయిలు. పెట్టెల మీద పార్ట్ నెంబరు మా బండి మోడల్‌కి సరిపోయిందో లేదో చూసుకుని, హోలోగ్రామ్ ఉన్నవే తెమ్మన్నాడు.

ఆదివారం పొద్దున్నే మావయ్య బొబ్బిలి బస్సు దిగి గోనెసంచితో వచ్చాడు. అందులో రింగు పానాలు, ఇనుప బ్రష్షు, ఉప్పు కాగితం, సీ క్లాంపు, బండి కింద పెట్టే ఓ స్టాండు. అమ్మ పెట్టిన చోడి అంబలి తాగి నేరుగా పోర్టికోలోకి వచ్చాడు. మొదటి మాట: "జాకీ ఎత్తడానికే. నిలబెట్టడానికి కాదు. జాకీ మీద బండి కింద సెయ్యెట్టినోడు మెకానిక్కు కాదు."

వెనక చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు పెట్టించాడు. హ్యాండ్ బ్రేకు లాగించాడు. మా బండికి హ్యాండ్ బ్రేకు వెనక డ్రమ్ముల మీద పనిచేస్తుంది కాబట్టి ముందు చక్రాలు విప్పినా పట్టు ఉంటుంది. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేశాం. 19 నెంబరు వీల్ స్పానర్‌కి నీళ్ల పైపు ముక్క తొడిగి నేనే తొక్కాను. తర్వాత జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, విప్పిన చక్రాన్ని కూడా బండి అంచు కిందకి తోశాం. స్టాండు జారినా చక్రం ఆపుతుందని.

ఎడమ చక్రం తీశాక డిస్కు బయటపడింది. అంచంతా తుప్పు గోధుమరంగు, మధ్యలో నీలం మచ్చలు. మా బడి దగ్గర ఉప్పు గాలికి కిటికీ ఊచలే రెండేళ్లకి పొరలు పొరలుగా ఊడిపోతాయి. పోత ఇనుము దానికి లెక్క కాదు. ఆ నీలం మాత్రం వేడి పెట్టిన గుర్తు.

మావయ్య మూతికి గుడ్డ కట్టుకోమన్నాడు. పాత రోజుల్లో బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము పీల్చిన గ్యారేజీ వాళ్ల ఊపిరితిత్తులు ఏమయ్యాయో ఆయనకి తెలుసు. ఇప్పటి ప్యాడ్లు వేరైనా, నోటితో ఊదడం, గాలి కొట్టడం ఆయన దగ్గర కుదరదు. స్ప్రే కొట్టి తడిగుడ్డతో తుడవాల్సిందే.

స్టీరింగు బయటికి తిప్పితే, ప్యాడ్లని పట్టి ఉంచే క్యాలిపర్ వెనక బోల్టులు చేతికందాయి. కింది బోల్టు విప్పి క్యాలిపర్ పైకి ఎత్తబోతే రాలేదు. రెండు బోల్టులూ తీసి, ఊపి ఊపి లాగాడు. ఊడిన క్యాలిపర్‌ని వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగుకి కట్టాడు. దాని బరువు రబ్బరు గొట్టం మీద పడకూడదు. బ్రేకు ఆయిలు వెళ్లే దారి అదే.

ప్యాడ్లు రెండూ తీసి నా చేతిలో పెట్టాడు. బయటి ప్యాడ్డు సగం మిగిలే ఉంది. ఎవరు చూసినా ఇంకో పదివేల కిలోమీటర్లు ఢోకా లేదనేలా ఉంది. లోపలి ప్యాడ్డుకి రాపిడి పదార్థం అన్నదే లేదు. వెనకుండే ఇనుప రేకు డిస్కుని గీరి గీరి తళతళలాడుతోంది. ఆ పదార్థం మందం 3 మిల్లీమీటర్లకి తగ్గితేనే మార్చేస్తారు. ఇక్కడ సున్నా. అంత అరిగేముందు కీచుమని అరవడానికి లోపలి ప్యాడ్డుకి సన్నటి రేకు ఒకటి ఉండాలి. కొత్త సెట్టులో ఉంది. షెడ్డు వాళ్లు వేసినదానికి అసలు ఆ రేకే లేదు. అందుకే చప్పుడూ లేదు.

"సూసినావా? ఒకే చక్రం, ఒకే బ్రేకు, ఒకటి సగం, ఒకటి సున్నా. ఎందుకో సెప్పు, టీచరమ్మవి కదా."

చెప్పగలిగాను. ఇలాంటి క్యాలిపర్‌లో పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. ఆయిలు తోస్తే పిస్టన్ లోపలి ప్యాడ్డుని డిస్కుకేసి నొక్కుతుంది. ఆ నొక్కుడికి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి, బయటి ప్యాడ్డుని అవతలి వైపు నుంచి లాగుతుంది. క్రియకి ప్రతిక్రియ. పిన్ను జారకపోతే బయటి ప్యాడ్డు వాటా పని కూడా లోపలిదే చెయ్యాలి. కాలు తీశాక వెనక్కి జారే దారీ ఉండదు. రాసుకుంటూనే తిరుగుతుంది.

పై పిన్ను వేలితో లాగితే వచ్చింది. కింది పిన్ను కదల్లేదు. ప్లయరుతో పట్టి, అటూ ఇటూ మెలిపెడుతూ, మధ్యమధ్య స్ప్రే కొడుతూ తీశాడు. రబ్బరు తొడుగు చివర చిరిగి ఉంది. అందులోంచి తడీ ఇసకా దూరి, గ్రీజు నల్లటి జిగురై, పిన్ను సగానికి తుప్పు పట్టింది. ప్యాడ్లు మార్చేటప్పుడు ఈ పిన్నులు బయటికి తీసి తుడిచి గ్రీజు పెడితే పది నిమిషాల పని. తియ్యలేదని చూస్తేనే తెలుస్తోంది. ప్యాడ్లు కొత్తవి పెట్టి మూసేశారు. బిల్లులో ప్యాడ్లకి లైనుంటుంది, పిన్ను తుడిచినందుకు లైనుండదు.

తర్వాత డిస్కు. 17 నెంబరు పానాతో క్యాలిపర్ బ్రాకెట్ తీశాక డిస్కుని పట్టి ఉంచేదేదీ లేదు. అయినా కదల్లేదు. తుప్పు హబ్బుకీ డిస్కుకీ మధ్య అతుకు వేసేసింది. మా ఆయన ఉత్సాహంగా సుత్తి తెచ్చారు. మావయ్య సుత్తి లాక్కుని గోడవారన పెట్టాడు. ఆ దెబ్బ లోపలున్న బేరింగు తింటుంది, డిస్కు ఊడినా నెల తిరక్కుండా చక్రం గుయ్యిమంటుంది అన్నాడు. డిస్కు ముఖం మీద రెండు చిన్న మరచీలల బెజ్జాలున్నాయి, చూడమన్నాడు. తుప్పు తుడిస్తే కనిపించాయి. వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు దిగాయి. ఇటో అరచుట్టు, అటో అరచుట్టు నన్ను తిప్పమన్నాడు. బోల్టు మొన హబ్బుకి ఆని డిస్కుని వెనక నుంచి బయటికి నెడుతుంది. పానా బిగుసుకుంది. ఇంకో పావు చుట్టు. ఠప్పుమని చప్పుడై, తుప్పు పొడి పాదాల మీద రాలి, డిస్కు చేతిలోకి వచ్చేసింది. సుత్తి పట్టుకునే చోట పానా పట్టుకోవడం మెకానిక్కుల పని అనుకుంటాం. డిస్కు తయారు చేసినవాడు ఆ రెండు బెజ్జాలు పెట్టింది ఎవరైనా తియ్యగలగాలనే.

డిస్కు వంగిపోయిందా అని అడిగాను. అందరూ అనే మాట అదే. కాదన్నాడు. హబ్బు మీద తుప్పు పొర ఒక పక్క మందంగా ఉంటే డిస్కు వెంట్రుకవాసి వాలుగా కూర్చుంటుంది. ఆ వాలుతో తిరుగుతూ ప్యాడ్డుకి ఒక్కచోటే తగిలి అక్కడ పల్చబడుతుంది. బ్రేకు వేసినప్పుడు మందంగా ఉన్నచోట పట్టు, పల్చని చోట జారు. స్టీరింగు వణికేది అందుకు. దీని మందు కొత్త డిస్కు ఒక్కటే కాదు, హబ్బు శుభ్రం కూడా. తుప్పు మీదే కొత్తది బిగిస్తే అదీ అదే దారి పడుతుంది.

ఆ శుభ్రానికి పట్టినంత సేపు మిగతా పని దేనికీ పట్టలేదు. ఇనుప బ్రష్షు, ఉప్పు కాగితం, మళ్లీ బ్రష్షు. స్టడ్ల చుట్టూ మూలల్లో స్క్రూడ్రైవరుకి గుడ్డ చుట్టి గీకాను. ఇనుము తెల్లగా బయటపడేదాకా వదల్లేదు. కొత్త డిస్కుకి తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది. అదుంటే ప్యాడ్లు చెడిపోతాయి. బ్రేక్ క్లీనర్‌తో రెండు వైపులా కడిగి, వేళ్ల ముద్రలు పడకుండా అంచులు పట్టుకుని ఎక్కించాం. రెండు నట్లు వేసి బిగించాక మావయ్య ఓ గట్టి తీగని బ్రాకెట్ బోల్టుకి చుట్టి, దాని మొన డిస్కుకి కాగితమంత దూరంలో నిలిపాడు. డిస్కుని చేత్తో తిప్పమన్నాడు. తిరుగుతున్నంత సేపూ ఆ సందు పెరగలేదు, తరగలేదు. గ్యారేజీలో దీనికి డయల్ గేజీ వాడతారట. "తీగ అంకె సెప్పదు గానీ అబద్ధమూ సెప్పదు" అన్నాడు.

ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే డిస్క్ బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. ప్రపంచం గట్టిగా నమ్మింది మాత్రం 1953లో, డిస్క్ బ్రేకులు పెట్టుకున్న జాగ్వార్ కారు ఫ్రాన్సులో లెమాన్స్ 24 గంటల పందెం గెలిచాక. గాలికి బయటపడి ఉండటమే డిస్కు బలం, వేడి త్వరగా వదులుతుంది. మా తీరంలో అదే దాని బలహీనత కూడా. తడీ ఉప్పూ నేరుగా తగులుతాయి. ఈ మాట చెబితే మావయ్య, బస్సు డ్రమ్ములు విప్పితే అంతకంటే ఎక్కువ బురద ఉండేదని నవ్వేశాడు.

పిన్నులు తళతళలాడేదాకా రుద్ది, కొత్త రబ్బరు తొడుగులు వేసి, సిలికాన్ గ్రీజు పల్చగా పూశాం. చక్రాల బేరింగుకి వాడే మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. పిన్ను వేలితో నొక్కితే లోపలికి, వదిలితే గాలికి మెల్లగా బయటికి. అలా ఆడితేనే పని అయినట్టు.

అరిగిన ప్యాడ్లకి అలవాటు పడి పిస్టన్ బయటికి వచ్చేసి ఉంటుంది. కొత్తవి మందం కాబట్టి దాన్ని లోపలికి నెట్టాలి. పాత ప్యాడ్డుని అడ్డం పెట్టి, సీ క్లాంపుతో మెల్లగా బిగించాం. బానెట్ కింద బ్రేక్ ఆయిలు డబ్బా మూత తీసి మా అమ్మాయిని కాపలా పెట్టాం, పైకి వచ్చే ఆయిల్ని మందుల షాపు సిరంజితో లాగెయ్యమని. ఆ ఆయిలు పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. సిరంజిలోకి వచ్చింది కాఫీ డికాక్షన్ రంగులో ఉంది.

దాంతో ఆయిలు కూడా మార్చాల్సిందే అన్నాడు మావయ్య. బ్రేక్ ఆయిలు గాల్లో తేమని లాక్కుంటుంది. మా సముద్రపు గాలిలో ఇంకా తొందరగా. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదని ప్రమాణం. తేమ పట్టాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. ఘాట్‌లో వేడికి ఆయిలు మరిగితే గొట్టంలో ఆవిరి బుడగ పుడుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది గానీ పిస్టన్‌ని తొయ్యదు. పెడల్ నేలకి ఆనినా బండి ఆగదు. ఘాట్‌లో కార్లకి బ్రేకు ఫెయిలయిందనే కథల్లో అదీ ఒకటి.

రెండు పక్కలా డిస్కులు, ప్యాడ్లు అయ్యాక ఆయిలు మార్పు. డ్రైవింగ్ రాని మా ఆయన ఆరోజు డ్రైవరు సీట్లో కూర్చున్నారు. క్యాలిపర్ మీది బ్లీడర్ నిపుల్‌కి పారదర్శక గొట్టం, గొట్టం చివర సగం ఆయిలున్న సీసా. మావయ్య "నొక్కు" అంటే ఆయన నొక్కి "నొక్కాను" అనాలి. అప్పుడు నేను ఆ నిపుల్ పావు చుట్టు వదులు చెయ్యాలి. నల్లటి ఆయిలు గొట్టంలోకి దూకుతుంది. మళ్లీ బిగించాక "వదులు". బిగించకముందు కాలు తీస్తే గాలి లోపలికి పోతుంది. పై డబ్బా ఖాళీ కాకుండా మా అమ్మాయి పోస్తూనే ఉంది. ఎదురింటి వాళ్లు గేటు దగ్గరికొచ్చి, ఇంతమందీ పోర్టికోలో "నొక్కు, వదులు" అని అరుచుకోవడం చూసి వెళ్లారు. కాసేపటికి గొట్టంలో ఆయిలు తేనెరంగు తేలింది, బుడగలు ఆగాయి. నాలుగు చక్రాలకీ అదే వరస.

చక్రాలు ఎక్కించి, నట్లు ఎదురెదురుగా బిగించి, కిందికి దింపాక మాన్యువల్లో రాసిన బిగింపుకి టార్క్ రెంచితో సరిచూశాం. అది పక్క వీధి టైర్ల షాపు నుంచి అరువు. భోజనాల వేళ దాటిపోయింది. బండి తియ్యబోతే మావయ్య తాళం తీసుకున్నాడు. "ముందు పెడల్ కొట్టు." మొదటిసారి కాలు నేలకి పోయింది. రెండోసారి సగానికి. తర్వాత గట్టిపడింది. ప్యాడ్లు డిస్కుకి చేరువ అయ్యేదాకా ఇలా నొక్కకుండా బండి కదిపితే గేటు దగ్గరే గోడని గుద్దుకోవచ్చు.

మర్నాడు తెల్లవారుజామున శ్రీకూర్మం వైపు, ముందూ వెనకా ఎవరూ లేని చోట చూసుకుని, కొత్త ప్యాడ్లకి పదును పెట్టాం. 60 వేగం నుంచి 15, 20 దాకా ఓ మాదిరిగా బ్రేకు వేసి, పూర్తిగా ఆగకుండా మళ్లీ వేగం అందుకోవడం. ఎనిమిది పదిసార్లు. మధ్యలో గాలికి చల్లారనివ్వడం. మొదట్లో కొంచెం జారినట్టున్న బ్రేకు చివరికి కాలు ఎంత వేస్తే అంత పట్టింది. స్టీరింగు కదల్లేదు. చివర్లో మావయ్య దిగి, సాలూరు పెద్దాయన చేసినట్టే, రెండు చక్రాల దగ్గరా చెయ్యి వెనకవైపు పెట్టి చూశాడు. రెండు పక్కలా ఒకటే వేడి.

సామానుకి అయిన ఖర్చు ఆరు వేల లోపు. ఉగాది వెళ్లాక చక్రాలు విప్పి చూశాం. నాలుగు ప్యాడ్లూ సమానంగా అరుగుతున్నాయి. పిన్నులు వేలితో నొక్కితే జారుతున్నాయి.

ఇదంతా చదివి అందరూ పానాలు పట్టమని నేననను. మా ఇంట్లో ముప్ఫయ్యేళ్లు గ్యారేజీలో పనిచేసిన మనిషి పక్కన నిలబడి చెప్పాడు కాబట్టి చేశాం. చదునైన నేల, సరైన స్టాండు, తెలిసిన మనిషి లేకపోతే బ్రేకుల జోలికి ఇంట్లో పోవద్దు. కానీ షెడ్డులో చేయించుకునేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఫ్యాను కింద కుర్చీ చూపిస్తే కూర్చోకండి. బండి పక్కనే నిలబడండి. లోపలి ప్యాడ్డు చూపించమనండి. పిన్నులు బయటికి తీశారా, హబ్బు తుప్పు గీకారా, ప్యాడ్డుకి అరుపు రేకు ఉందా అని అడగండి. ఆయిలు ఎప్పుడు మార్చారో రాసి పెట్టుకోండి. ఆ పనులకి విడిగా కూలి అడిగితే ఇచ్చెయ్యండి, బిల్లులో రాయించుకుని మరీ ఇవ్వండి. బ్రేకు పని మంచీ చెడూ తేలేది వాటిలోనే. కొండ మీంచి దిగేటప్పుడు మాత్రం, బ్రేకులు ఎంత కొత్తవైనా, ఎక్కిన గేరులోనే దిగండి.